కొన్న విమానములు, కొనరాని విద్య

2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానములకును, జూనులో ఇండిగో 500 విమానములకును, 2024 జనవరిలో ఆకాశ సంస్థ 150 విమానములకును బేరములు కుదుర్చుకొనినవి. ఏడాది నిండకముందే పదునొకండు వందలకు పైబడిన విమానములు! వానిలో ప్రతియొక్కటియు అమెరికాలోని బోయింగుదో, యూరపులోని ఎయిర్‌బస్సుదో. ఇది దేశాభ్యుదయమని పొగడినవా రున్నారు. అభ్యుదయమే, కాదనము. కాని కొనువాని యభ్యుదయమునకును చేయువాని యభ్యుదయమునకును గల భేదమును, రాట్నము త్రిప్పిన జాతికి ఒకరు బోధింప బనిలేదు.

మూడు రాష్ట్రముల పొలిమేరలు కలియు జుక్కలులో గూర్చుండి విమానముల మాట యేల యని పఠనమందిరములో గొందఱు నవ్వుకొనవచ్చును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి దుబాయికిని మస్కటుకును కూలికి బోవు మన యువకుల నడుగుడు. వారికి విమానము విలాసము గాదు, బస్సువంటిది. అప్పుచేసి కొనిన టిక్కెట్టు సొమ్ములో విమానపు అద్దె కొంత, ఇంజను మరమ్మతు కొంత, డాలర్ల రూపమున పరదేశము చేరుచున్నది. మన సంస్థలు నడపు విమానములలో అధికభాగము ఐర్లండు మొదలగు దేశములలోని కంపెనీలయొద్ద అద్దెకు దెచ్చినవే.

న్యాయవాద వృత్తిలో నున్నవాడను గనుక చట్టముల ప్రస్తావన చేయక యుండలేను. 1934 నాటి విమాన చట్టము స్థానమున భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. ఆ సంవత్సరమే పార్లమెంటు, విమానముల నద్దెకిచ్చువారి హక్కులను గాపాడుటకు వేఱొక చట్టమును జేసినది. అద్దె చెల్లనిచో యజమాని తన విమానమును తీసికొనిపోవుట కిపుడు దారి సుగమమైనది. అందువలన అద్దెలు తగ్గునేని మంచిదే. కాని అద్దెకిచ్చువాని సొత్తునకు ఇంత రక్షణ చేసిన దేశమున, విమానవిద్యను శోధించువాని నిధికి అట్టి రక్షణ యేది? ఒక బడ్జెట్టులో నిచ్చినది మఱుసటి బడ్జెట్టులో ఆగిపోయిన, అడుగువాడు లేడు.

యూరపువారి వృత్తాంతము వేఱు. ఒకరి నగరములపై నొకరు బాంబులు గురిపించుకొనిన జాతు లవి. 1945లో యుద్ధము ముగిసెను. 1973లో ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటను దేశములు విమానపరిశోధనమునకు ఉమ్మడి మండలి నేర్పఱచుకొనెను. మొదట ఉమ్మడి సొమ్ము లేదు. ఎవరి ఖర్చు వారిది, ఫలితములు మాత్రము కలిసి పనిచేసిన వారందఱివి. పిమ్మట ఆ మూడింటికి నెదర్లాండ్సు తోడై, జర్మనీలోని కొలోనులో నొక గొప్ప వాయుసొరంగమును గట్టుటకు 1988లో ఒడంబడిక చేసికొనెను. వాయుసొరంగ మనగా భూమిలో త్రవ్విన బిలము గాదు. విమానపు నమూనాను నిలిపి, దానిపైకి గాలిని వేగముగా దోలి పరీక్షించు శాల. కొలోనులో ద్రవనత్రజనితో లోపలి వాయువును మిక్కిలి చల్లబఱచుదురు; అందుచే చిన్ననమూనాపై జేసిన పరీక్ష నిండువిమానపు స్థితికి సమీపించును. నాలుగు దేశములు నాలుగు శాలలు గట్టుకొనుటకు మాఱుగా ఒకటి గట్టుకొనినవి.

ముందు ప్రణాళిక, పిదప పైకము. ప్రభుత్వములు, కంపెనీలు, పండితులు గూడిన సలహామండలి 2001లో నేర్పడినది. 2008లో క్లీన్ స్కై అను ఉమ్మడి సంస్థ 160 కోట్ల యూరోలతో ఆరంభమయ్యెను; సగము ఐరోపా సంఘపు బొక్కసమునుండి, సగము కంపెనీలనుండి. 2014లో రెండవ విడతకు సుమారు 400 కోట్లు. 2021లో దాని స్థానమున వచ్చిన క్లీన్ ఏవియేషనుకు సుమారు 410 కోట్లు. అందు సంఘపు వంతు 170 కోట్లు. ఇది సంఘపు ఒడంబడికలోని 187వ అధికరణము క్రింద చట్టముచే నిర్మితమైన సంస్థ గనుక, ఒక మంత్రి మాఱినంతమాత్రమున మూతపడదు. దోషములు లేవనను. పెద్ద కంపెనీల గొంతులో చిన్నవారి మాట మునిగిపోవు భయ మెప్పుడును గలదు. కాగితముల రాశియు దక్కువ గాదు.

మనకు శాల లేదా? 1959లో స్థాపితమైన జాతీయ వైమానిక ప్రయోగశాల బెంగుళూరులో గలదు. 1967 నుండి పనిచేయుచున్న దాని వాయుసొరంగములో మన రాకెట్ల నమూనాలును, తేజస్ యుద్ధవిమానపు నమూనాయు పరీక్షింపబడినవి. విద్య లేదనుట అబద్ధము. ఎడతెగని పోషణ లేదు. పదునాలుగు ఆసనముల సరస్ విమానపు కథయే సాక్ష్యము. 1991లో రష్యా సంస్థతో గలిసి తలపెట్టిరి. రష్యావారు నడుమ తప్పుకొనిరి. 2004 మే 29న మొదటి నమూనా ఎగిరెను. 2009 మార్చి 6న రెండవ నమూనా కూలి ముగ్గురు వైమానికదళాధికారులు ప్రాణములు గోల్పోయిరి. అటుపిమ్మట పని కుంటుపడి, 2018 జనవరిలో గాని విమానము మరల నేల విడువలేదు. ఆరంభమునుండి ఇరువదియేడేండ్లు గడచెను. ప్రమాదములు ఏ దేశమునకును తప్పవు. ప్రమాదము తరువాత నిధి యుండునా యుండదా యని శాస్త్రజ్ఞులు ఎదురుచూచుటయే మన దౌర్భాగ్యము.

హైదరాబాదు సంగతియు నిట్లే. 1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ వారు నడపిన డకోటాలు అమెరికావి. నేడు ఆదిబట్లలో బోయింగువారి అపాచీ హెలికాప్టరు దేహములు తయారగుచున్నవి. శంషాబాదులో ఫ్రాన్సుకు జెందిన సఫ్రాన్ సంస్థ ఇంజనుల మరమ్మతుశాల 2025 నవంబరులో తెఱవబడినది. చేతులు మనవి, నక్షా పరాయిది.

సొమ్ము లేదందురా? 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గము పరిశోధనాభివృద్ధులకు లక్షకోట్ల రూపాయల పథకము నంగీకరించెను. కాని అది ముఖ్యముగా ప్రైవేటు సంస్థలకు దీర్ఘకాల ఋణములు, పెట్టుబడులు సమకూర్చు పథకము. అప్పు తీర్పవలసినవాడు ఇరువదియేండ్లకు ఫలించు పరీక్షను మొదలుపెట్టునా? పూర్వము మన చెఱువులను గట్టించినవారికి దశబంధ మాన్యము లిచ్చుచుండిరి. చెఱువును గాపాడు భారము ఆ మాన్యముతో ముడివడియుండెను. నీరు మాత్రము ఆయకట్టు రైతు లందఱిది. విమానపరిశోధనమునకును అట్టి కట్టుబాటు కావలెను: కేంద్రము, తెలంగాణమువంటి పరిశ్రమ గల రాష్ట్రములు, వేలకోట్ల బేరములాడు విమానసంస్థలు తలా నొక వంతు వేయు నిధి, పదియేండ్లవఱకు ఎవరును తాకరాని నిధి, ఏటేట పార్లమెంటుకు లెక్క చెప్పు నిధి.

మే నెల యెండకు గాలి పలుచనగును. పలుచని గాలిలో రెక్కకు ఊతమును, ఇంజనుకు బలమును తగ్గి పరుగుదారి పొడవు గావలసివచ్చును. ఈ యెండలు, ఈ ఋతుపవనములు మనకే గాదు, బంగ్లాదేశమునకును, సింహళమునకును గలవు. నేపాళమునకు ఎత్తైన కొండలమీది రన్‌వేల చిక్కు మఱియొకటి. యూరపువలె ఇరుగుపొరుగులు గలిసి శోధింపదగిన విషయములివి. రాజకీయ వైరములు అడ్డమందురేమో. 1945 నాటి యూరపుకన్న అధికమా?

జుక్కలు జహీరాబాదు లోక్‌సభ నియోజకవర్గములోనిది. మన పఠనమందిరములవారు అచ్చటి సభ్యునకు ఒక్క ప్రశ్న వ్రాసి పంపవచ్చును: లక్షకోట్లలో, తిరిగి చెల్లింప బనిలేక, పదియేండ్లు నిలుచునట్లు విమానపరిశోధనమునకు కేటాయించిన దెంత?