చెరువుకో లెక్క, కాలువకు లెక్కేదీ?

రొయ్యల చెరువులు పెరిగితే సముద్రం మీద వేట ఒత్తిడి తగ్గుతుందని చాలాకాలంగా చెబుతున్నారు. ఉప్పుటేరు వెంబడి, కోస్తా మురుగు కాలువల వెంబడి నడిచి చూస్తే అలా కనిపించదు. చెరువుకు కావలసింది సముద్రమే ఇస్తోంది, చెరువు వదిలించుకున్నదీ సముద్రమే మోస్తోంది.

మేతనే తీసుకోండి. వనామీ రొయ్యల మేతలో చేపపొడి కలుస్తుంది. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. కవళ్లు, నెత్తళ్లు, వలలో పడ్డ పిల్లచేపలు అందుకే పోతాయి. సముద్రంలో పెద్ద చేపలకు తిండి అవే, తీరాన పేదింటి కూరా అవే. సోయా కలిపి చేపపొడిని తగ్గిస్తున్నారు, మంచిదే. చెరువులు పెరుగుతూ పోతే ఆ ఆదా మిగలదు.

అంతకన్నా కలవరపెట్టేది నీరు. పట్టుబడి రోజు తూము ఎత్తగానే మొదట వచ్చేది కాస్త తేట నీరే. చెరువు అడుగంటుతుంటే అప్పుడు దిగుతుంది అసలుది: తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే నల్ల బురద. అదంతా కాలువలో పడి, కాలువ సముద్రంలో కలిసే మొగకు చేరుతుంది. పండుగప్ప పిల్లలు, సముద్రపు రొయ్య పిల్లలు పెరిగేది ఆ మొగల దగ్గరి మడ అడవుల్లోనే. ఆ బురద కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తే ముందు చచ్చేది ఆ పిల్లలే.

రోగానిదీ అదే దారి. 1994-95లో తెల్లమచ్చల వైరస్ మన టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసింది. తర్వాత సముద్రంలో పట్టిన తల్లి రొయ్యల్లోనూ, పీతల్లోనూ ఆ వైరస్ బయటపడింది. మన సముద్రపు తల్లి రొయ్యను నమ్మలేని స్థితి వచ్చాకే, 2009 నుంచి పసిఫిక్ అవతలి తీరపు వనామీకి మారాం.

చట్టాలు లేక కాదు. 1996లో రొయ్యల చెరువుల మీద వచ్చిన జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు, తీర నియంత్రణ జోన్‌లో సంప్రదాయ సాగు తప్ప వేరే రొయ్యల చెరువులు వద్దంది. అప్పుడు ఆ జోన్ హద్దు సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్లు. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చెరువుల నిషేధాన్ని 200 మీటర్లకు కుదించింది. ఆ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాలు మురుగునీటి శుద్ధిని 5 హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాలు దాటిన వాటికే తప్పనిసరి చేశాయి. వనామీకి వచ్చిన నిబంధనలు విస్తీర్ణంతో పని లేకుండా అన్ని చెరువులకూ శుద్ధి ఉండాలన్నాయి. మన రైతుల్లో ఎక్కువమందివి రెండు మూడు ఎకరాల చెరువులు. విడివిడిగా చూస్తే ఏ ఒక్క చెరువు మురుగూ పెద్దగా కనిపించదు. వందల చెరువుల నీరు ఒకే కాలువలో కలిసి మొగకు చేరాక మాత్రం జవాబుదారీ ఎవరూ ఉండరు.

చిన్న రైతును నిందించి లాభం లేదు. అర ఎకరం శుద్ధికి వదిలితే అతనికి కౌలు డబ్బులు కూడా రావు. అనుమతిని చెరువును బట్టి కాక కాలువను బట్టి ఇవ్వాలి. ఒక్కో కాలువ ఎంత మురుగు తట్టుకోగలదో తేల్చి, ఆ మేరకే చెరువులను రిజిస్టర్ చేయాలి. కాలువ చివర ఉమ్మడి శుద్ధి చెరువులు తవ్వాలి. ఆ ఖర్చును ప్రభుత్వంతో పాటు మేత కంపెనీలు, ఎగుమతిదారులు భరించాలి. మొగ దగ్గర చేసే నీటి పరీక్షల ఫలితాలను మత్స్యకార గ్రామాల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు ఎలాగూ ఐదేళ్లే. కొత్త చట్టం కోసం ఆగకుండా, రాబోయే పునరుద్ధరణలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.