బడి హాజరుపట్టీలో జ్వరాల జాడ

తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచే జూన్ 12కు, నైరుతి రుతుపవనాలు ఈ ప్రాంతాన్ని తాకే సాధారణ తేదీకి మధ్య ఎడం కొద్ది రోజులే. వారాల తరబడి తాళం పడి ఉన్న తరగతి గదుల్లోకి పిల్లలు అడుగుపెట్టే రోజుల్లోనే, ఆ ఆవరణలోని పగిలిన కుండీలు, వాడకం లేని నీటి తొట్లు, డాబాపై పారేసిన డబ్బాలు తొలకరి నీటితో నిండుతాయి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ గుడ్లు నీరు లేకపోయినా నెలల తరబడి చెడకుండా ఉండి, తడి తగలగానే పగిలి, వారం పది రోజుల్లో దోమలవుతాయి. క్యాలెండరులో ఇంత స్పష్టంగా కనిపించే ముప్పును, ఏటా జ్వరాలు ప్రబలిన తర్వాత అనుకోని ఉపద్రవంగా భావించి, ఆగస్టులో సమీక్షలు మొదలుపెట్టడం పాలనా యంత్రాంగానికి అలవాటుగా మారింది.

ఈ దోమ రాత్రి కుట్టేది కాదు. సూర్యోదయం తర్వాతి రెండు మూడు గంటలు, సూర్యాస్తమయానికి ముందటి కొన్ని గంటలు దానికి అనువైన వేళలు కాగా, చీకటి గదుల్లో, బల్లల కింద అది పగలంతా పొంచి ఉండగలదు. కాబట్టి పిల్లలను రాత్రి దోమతెరలో పడుకోబెట్టే తల్లిదండ్రుల జాగ్రత్త మలేరియాకు అడ్డుకట్ట అవుతుందేమోగాని, డెంగీ విషయంలో సగం రక్షణ కూడా కాదు. వారానికొకసారి ఇంటి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే కార్యక్రమం శాస్త్రీయమైనదే, ఎందుకంటే గుడ్డు దోమగా మారకముందే ఆ చక్రం తెగిపోతుంది. అయితే దాని ప్రచారమంతా ఇళ్ల చుట్టూ తిరుగుతుండగా, పిల్లలు పగటిపూట అత్యధిక కాలం గడిపే బడి ఆవరణ ఎవరి జాబితాలోనూ సరిగ్గా ఇమడటం లేదు. భవనం విద్యాశాఖది, పారిశుద్ధ్యం పంచాయతీది లేదా పురపాలక సంఘానిది, దోమల నియంత్రణ వైద్య ఆరోగ్యశాఖ పర్యవేక్షణలోనిది. డాబాపై నీటి ట్యాంకుకు మూత లేదన్న సంగతి మూడు శాఖల్లో దేనికి తెలియాలో తేలేసరికి వానాకాలం సగం గడిచిపోతుంది.

అంతకన్నా మౌలికమైన లోపం వ్యాధిని పసిగట్టే విధానంలో ఉంది. 2004లో ఆరంభమైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద సమాచారం మూడు రకాల పత్రాల్లో నమోదవుతుంది: లక్షణాలను బట్టి గ్రామస్థాయిలో ఏఎన్ఎంలు పంపేది ‘ఎస్’ పత్రం, వైద్యులు అనుమానిత వ్యాధిగా నమోదు చేసేది ‘పి’ పత్రం, ప్రయోగశాలలో నిర్ధారణ అయినది ‘ఎల్’ పత్రం. 2021 నుంచి ఈ సమాచారం కొత్త ఆన్‌లైన్ వేదికపైకి మారి, చేరే వేగం పెరిగింది. కానీ వేగం పెరిగినంత మాత్రాన వల పెద్దదవదు. ఊళ్లో పిల్లవాడికి జ్వరం వస్తే మొదట తట్టే తలుపు చాలాచోట్ల ఆర్ఎంపీది, ఆ తర్వాత మందుల దుకాణానిది, ఆపైన పట్నంలోని ప్రైవేటు ఆస్పత్రిది. వీటిలో మొదటి రెండూ ఏ పత్రంలోకీ ఎక్కవు. 2003 జూన్–ఆగస్టు మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాందీపుర వైరస్‌తో ముడిపడిన మెదడువాపు 329 మంది పిల్లలకు సోకి, 183 మందిని బలిగొన్నది. ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుందని భావించే ఆ వ్యాధిలో అధికశాతం మరణాలు ఆస్పత్రిలో చేరిన ఒక్క రోజులోపే సంభవించాయి. అంత వేగంగా ప్రాణం తీసే జబ్బుల విషయంలో ఆస్పత్రి లెక్క కోసం ఎదురుచూసే నిఘా ఆలస్యపు నిఘాయే అవుతుంది.

జ్వరం వచ్చిన పిల్లవాడు ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా, అసలు వెళ్లకపోయినా, తప్పకుండా నమోదయ్యే చోటు ఒకటి ఉంది: అది బడి హాజరుపట్టీ. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల హాజరు, మధ్యాహ్న భోజనం తిన్నవారి సంఖ్య ఏ రోజుకారోజు ఫోన్ల ద్వారా పై అధికారులకు చేరుతూనే ఉన్నాయి. ఆ అంకెలు ప్రస్తుతం బియ్యం, గుడ్ల లెక్కలకు, ఉపాధ్యాయుల క్రమశిక్షణకు మాత్రమే ఉపయోగపడుతున్నాయి. వాటినే ఆరోగ్య సూచికలుగా చదివి, ఒక తరగతిలో లేదా ఒకే వీధికి చెందిన పిల్లల్లో గైర్హాజరు ఆ కాలానికి మామూలుగా ఉండేదానికన్నా పెరిగినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురందే ఏర్పాటు చేస్తే, రోగి రాకముందే రోగం జాడ దొరుకుతుంది. మనిషిని కుట్టిన తర్వాత డెంగీ లక్షణాలు బయటపడటానికి 4 నుంచి 10 రోజులు, దోమ శరీరంలో వైరస్ ముదరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది కనుక, ఒక విడత కేసులకూ మరో విడతకూ మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక వారం ముందుగా సమాచారం అందడమంటే లార్వా దశలోనే దోమలను అరికట్టే వీలు కలగడం. వార్తల్లో ఫొటోలకు బాగా పనికొచ్చే ఫాగింగ్ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది. తొట్టిలోని లార్వా దానికి చిక్కదు.

ఈ ప్రతిపాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. పత్తి తీతలు, జాతరలు, పెళ్లిళ్లు కూడా బడిని ఖాళీ చేస్తాయన్నది వాస్తవమే. అందుకే ఒక్క రోజు అంకెను కాక, గత సంవత్సరాల్లో అదే వారపు హాజరుతో పోల్చడం, రాని పిల్లల ఇళ్లకు ఆశా కార్యకర్త ద్వారా కారణం కనుక్కోవడం అవసరమవుతాయి. ఇప్పటికే యాప్‌ల భారంతో విసిగిన ఉపాధ్యాయులపై మరో యాప్ మోపితే పథకం పుట్టకముందే చచ్చిపోతుంది. ఉన్న అంకెలనే ఆరోగ్యశాఖ చదువుకోవడం వేరు, కొత్త పట్టికలు నింపమనడం వేరు. అసలైన చిక్కు మరొకటి: హాస్టల్లో పిల్లలు జబ్బుపడ్డారని తెలియగానే వార్డెన్‌నో ప్రధానోపాధ్యాయుడినో సస్పెండ్ చేయడం సత్వర చర్యగా చెలామణి అవుతున్నంతకాలం, ముందుగా కబురు పంపేవారు ఎవరూ ఉండరు. నిర్లక్ష్యాన్ని శిక్షించడం సబబే. సమాచారమిచ్చినవారినే శిక్షిస్తే, తర్వాతి బడిలో జ్వరాలు రిజిస్టరులో తలనొప్పిగా మారతాయి.

కబురు అందిన తర్వాత కుటుంబానికి చేరవలసిన సలహా కూడా స్పష్టంగా ఉండాలి. డెంగీలో ప్రమాదం జ్వరం తారస్థాయిలో ఉన్నప్పుడు కాక, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు మొదలవుతుంది. తగ్గిందనుకుని పిల్లవాణ్ని బడికి పంపే రోజు కూడా తరచు అదే. ఆ దశలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారుతుంది కనుక కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, మగత, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆస్పత్రికి చేర్చవలసిందే. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు. ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ అల్లుకున్న భయం మన ఆస్పత్రుల్లో ఒక వ్యాపారంగా మారింది గాని, రక్తస్రావం లేనివారికి ఆ సంఖ్య పదివేలకన్నా తగ్గితే తప్ప ఎక్కించే అవసరం సాధారణంగా ఉండదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సకాలంలో తగిన మోతాదులో ఇచ్చే ద్రవాలే ఈ జబ్బుకు ప్రధాన చికిత్స.

మన్యంలోని ఆశ్రమ పాఠశాలలకు లెక్క వేరు. అక్కడి పిల్లలు బడిలోనే నిద్రిస్తారు కనుక రాత్రి కుట్టే మలేరియా దోమ కూడా బడి బాధ్యతే అవుతుంది. సెలవులకు కొండపైని సొంత ఊళ్లకు వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు పరాన్నజీవిని వెంట తెచ్చుకునే అవకాశం ఉన్నందున, చేరిన రోజునే రక్తపరీక్ష జరగాలి.

హాజరుపట్టీ మూగబోయే కాలం కూడా ఒకటుంది: దసరా సెలవులు. వానలు తగ్గుముఖం పట్టి డెంగీ ఉద్ధృతంగా ఉండే రోజుల్లోనే బడులు మూతపడటంతో అంకెలు రావు, ఆవరణలోని నీరు మాత్రం నిలిచే ఉంటుంది. ఆ రోజుల్లో ట్యాంకులు ఖాళీ చేయించి, కుండీలు బోర్లించి, తెరిచే ముందు రోజు తరగతి గదుల్లో మందు చల్లించాలంటే పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు లోపలికి వెళ్లగలగాలి. గేటు తాళంచెవి సెలవుల్లో ఎవరి దగ్గర ఉండాలో రాతపూర్వకంగా నిర్ణయించడానికి జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఒక్కటి చాలు, బడ్జెట్ అక్కర్లేదు.