అమ్మాయికి ఇంట్లో ఏం తక్కువ?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతి చదువుతున్నది. చిన్నప్పుడు గలగలా మాట్లాడే పిల్ల. ఏడాదిగా ఇంట్లో నోరు విప్పదు. ఏమిటని అడిగితే "ఏం లేదు" అంటుంది. మళ్ళీ అడిగితే విసుక్కుంటుంది. స్నేహితురాళ్ళతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. రెండు నెలలుగా ఆ కబుర్లు కూడా లేవు. బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి అంటోంది. ఆదివారం ఏ నొప్పీ ఉండదు. స్కానింగు తీయిస్తే ఏమీ లేదన్నారు. మావారు "అంతా నాటకం, ఆ స్నేహాలు మాన్పించు" అని ఫోను లాగేసుకున్నారు. మొన్న పుస్తకాలు సర్దుతుంటే నోటుపుస్తకం చివరి పేజీలో "నేను ఎవరికీ అక్కర్లేదు" అని వ్రాసి ఉంది. అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. తిండికీ, బట్టకూ, చదువుకూ ఏం తక్కువ చేశాం? నేనిప్పుడు ఏం చేయాలి?
— ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి. ముందు చివరి దాని గురించి చెబుతాను. మిగతావి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, అది ఆగకూడదు.

"నేను ఎవరికీ అక్కర్లేదు" అన్న మాటను వయసు చేష్ట అనుకుని వదిలెయ్యకండి. అలాగని ఆ పేజీ పట్టుకుని పిల్లను నిలదీయకండి. ఇవాళే, ఇంట్లో సందడి తగ్గాక, పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. "కొన్నాళ్ళుగా నువ్వు దిగులుగా ఉన్నట్టుంది. నాకు బెంగగా ఉంది. ఎప్పుడైనా బ్రతకాలని లేదనిపిస్తోందా తల్లీ?" అని సూటిగానే అడగవచ్చు. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. ఆ భయం అక్కర్లేదు. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగదనీ, మనసులో ఉన్నది చెప్పుకునే దారి దొరుకుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి.

"అవును" అన్నా, జవాబు చెప్పకుండా ఏడ్చినా పిల్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందుబిళ్ళలు, పురుగుమందు, ఎలుకలమందు తీసి తాళం వేయండి. అదేరోజు మానసిక వైద్యునికి చూపించండి. మీ ఊళ్ళో లేకపోతే జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది.

ఇక కడుపునొప్పి. అది నాటకం కాదు. పేగులకూ మెదడుకూ నరాల ద్వారా నిత్యం రాకపోకలుంటాయి. పరీక్షకు ముందు మనకు కడుపులో తిప్పినట్టుండడం, విరేచనం కావడం తెలిసిందే కదా. భయం, దిగులు ఎక్కువైనప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. స్కానింగులో ఇది కనబడదు. బడి ఉన్న రోజు వచ్చి ఆదివారం రాకపోవడం అబద్ధానికి సాక్ష్యం కాదు. బడిలో ఏదో బాధ ఉన్నదనడానికి గుర్తు.

అయితే శరీరంలో రోగం లేదని నిర్ధారించుకోవాలి. నొప్పికీ బహిష్టుకూ సంబంధమున్నదేమో కనుక్కోండి. రాత్రి నిద్రలో లేపేంత నొప్పి, జ్వరం, పదే పదే వాంతులు, బరువు తగ్గడం, మలంలో రక్తం, కుడివైపు పొత్తికడుపులో నొప్పి—వీటిలో ఏది ఉన్నా మళ్ళీ డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్ష కూడా చేయించండి. ఈ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్న తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. రక్తం లేని పిల్లకు నీరసం, చిరాకు, చదువుమీద ధ్యాస లేకపోవడం సహజం.

"ఏం తక్కువ చేశాం?" అని అడిగారు. మీరు లెక్కవేసేది మీరు పెట్టినదాన్ని. పిల్ల లెక్కవేసేది తనకు అందినదాన్ని. రెండు లెక్కలూ నిజమే కావచ్చు, కాని ఒకటి కాకపోవచ్చు. అమెరికాలో అకెన్‌బాక్, ఆయన సహచరులు 1987లో 119 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. తమ బాధల గురించి పిల్లలు స్వయంగా చెప్పేదానికీ, వారి గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చెప్పేదానికీ పొంతన చాలా తక్కువగా కనిపించింది. కనుక "నా బిడ్డ సంగతి నాకు తెలియదా?" అనుకోకుండా ఆ బిడ్డనే అడగడం మంచిది.

ఐరోపా దేశాల్లోనూ, కెనడాలోనూ ప్రపంచ ఆరోగ్యసంస్థ సహకారంతో ఒక పెద్ద సర్వే జరుగుతూ ఉంటుంది. 1982లో ఇంగ్లండు, ఫిన్లండు, నార్వే పరిశోధకులు దీనికి పూనుకున్నారు. 11, 13, 15 ఏళ్ళ పిల్లలనే అడుగుతారు: నీకు బాధ కలిగితే అమ్మతో చెప్పుకోవడం తేలికేనా? నాన్నతోనో? తోటివాళ్ళు నిన్ను నిన్నుగా ఒప్పుకుంటారా? పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, నీ బ్రతుకు ఏ మెట్టు మీద ఉన్నదనుకుంటున్నావని కూడా అడుగుతారు. పదకొండేళ్ళనుంచి పదిహేనేళ్ళకు వచ్చేసరికి పిల్లలు కిందిమెట్లు చూపించడం, ఆడపిల్లల్లో అది ఎక్కువ కావడం ఇందులో కనబడే సంగతి. ఇంట్లో తన మాట వినేవారున్నారని నమ్మే పిల్లలు పైమెట్లలో ఉంటారు. నాన్నతో చెప్పుకోవడం అమ్మతో కన్న కష్టమనే పిల్లలే ఎక్కువ. మన ఇళ్ళలో అడిగినా ఈ చివరిమాటకు పెద్ద తేడా ఉండదనుకుంటాను.

స్నేహితురాళ్ళ సంగతి చూడండి. ఈ వయసులో తోటివారి ఆదరణ పిల్లకు ఊపిరిలాంటిది. లండను శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆడపిల్లల చేత, వయసొచ్చిన స్త్రీల చేత కంప్యూటరుమీద బంతాట ఆడించారు. కాసేపటికి వారికి బంతి అందకుండా చేశారు. ఆట అని తెలిసినా అందరికీ మనసు చిన్నబోయింది. పెద్దవారికన్న ఆడపిల్లలు ఎక్కువ నొచ్చుకున్నారు. మీ అమ్మాయి కబుర్లు ఆగిపోయి రెండు నెలలన్నారు. జట్టులోంచి వెలివేసి ఉండవచ్చు, ఎవరైనా ఎగతాళి చేస్తూ ఉండవచ్చు. ఆ సమయంలోనే ఇంట్లో "స్నేహాలు మాను" అని ఫోను తీసుకుంటే, బయటా చోటు లేదు, ఇంటా చోటు లేదు అనిపించదా? నోటుపుస్తకంలో మాట అక్కడినుంచే వచ్చిందేమో ఆలోచించండి.

ఇక మీరు చేయవలసినవి:

1. రోజుకు పావుగంట పిల్లతో గడపండి. చదువు, మార్కులు, పెళ్ళి, పక్కింటి అమ్మాయి ప్రస్తావన ఆ పావుగంటలో రాకూడదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. జడ వేస్తూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో ఉంటే వాళ్ళే చెబుతారు.

2. చెప్పినప్పుడు పూర్తిగా వినండి. "ఇంతేనా, దీనికేనా ఏడుపు!" అనకండి. మీకు అంతే, ఆమెకు అది కొండంత.

3. ఆమె చెప్పింది వంటింట్లో చుట్టాల ముందు చెప్పుకోకండి. ఒక్కసారి బయటపడితే మళ్ళీ నోరు విప్పదు.

4. నోటుపుస్తకాలు వెతకడం ఇంతటితో ఆపండి. అడిగితే నిజం చెప్పండి, "సర్దుతుంటే కంటబడింది, భయపడ్డాను" అని.

5. ఫోను తిరిగి ఇప్పించండి. రాత్రి తొమ్మిదిన్నర తరువాత ఇంట్లో అందరి ఫోన్లూ, మీవారిదీ సహా, హాల్లో ఒకచోట ఉండాలని నియమం పెట్టండి. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

6. బడి మాన్పించకండి, మానిపిస్తే భయం ముదురుతుంది. పిల్లకు చెప్పి, ఆమె ఒప్పుకున్నాక క్లాసు టీచరును కలవండి. ఆ స్నేహితురాలి ఇంటిమీదకు తగవుకు వెళ్ళవద్దు.

మీవారికి ఒక మాట. మొక్కై వంగనిది మానై వంగునా అని మగవాళ్ళు తరచు అంటుంటారు. మొక్కను వంచేవాడు కూడా నీళ్ళు పోశాకే వంచుతాడు. వారానికొకరోజు సైకిలు మీదో, స్కూటరు మీదో పిల్లను బజారుకు వెంట తీసుకువెళ్ళమనండి. ఉపన్యాసం అక్కర్లేదు, పక్కన ఉంటే చాలు.

రెండు వారాలు గడిచినా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా చెడినా, తన ఒంటికి తాను గాయం చేసుకుంటున్నట్టు కనబడినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుని సలహా తీసుకోండి. పిచ్చి ఆసుపత్రి అంటారేమో, రేపు పెళ్ళి కాదేమో అని జంకవద్దు. 10-19 ఏళ్ళ పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. మీ వీధిలోనూ అలాంటి ఇళ్ళుంటాయి. ఇలాంటి దిగులు వైద్యంతో, మాటల చికిత్సతో చాలామందికి నయమవుతుంది, త్వరగా చూపించినవారికి త్వరగా.