చూడాల్సింది మెడ కాదు, మడమ

పుట్టిన మూడో రోజున బిడ్డ మడమ మీద చిన్న సూదితో గుచ్చాలి. నాలుగైదు రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితం మీద అద్ది, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. అంతే పని. థైరాయిడ్ గ్రంథి లేకుండానో, ఉన్నా సరిగా పనిచేయకుండానో పుట్టిన బిడ్డను ఆ చుక్కలే పట్టిస్తాయి. రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే నడుస్తుంది, మాట్లాడుతుంది, బడికి వెళ్తుంది. నెలల తరబడి ఆలస్యమైతే మాత్రం మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ మందూ పూడ్చలేదు. ఈ సంగతి వైద్యలోకానికి తెలిసి యాభై ఏళ్లయింది. అయినా తెలుగునాట పుట్టే ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష హక్కుగా అందడం లేదు. మరోపక్క, ఏ బాధా లేని పెద్దల మెడలకు హెల్త్ ప్యాకేజీల పేరిట థైరాయిడ్ స్కానింగులు చేసేస్తున్నారు. వెతకాల్సిన చోట వెతకకుండా, అక్కర్లేని చోట గాలిస్తున్నాం. ఈ తలకిందుల వరస మారాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ శిశువులందరికీ థైరాయిడ్ పరీక్షను తప్పనిసరి చేయాలి. ఏ లక్షణమూ లేనివారి మెడలో క్యాన్సర్ కోసం దేవులాడే వ్యాపారానికి కళ్లెం వేయాలి.

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోన్, పసిబిడ్డ మెదడు ఎదుగుదలకు ఎంతో కీలకం. మొదటి రెండు మూడేళ్లలో అది అందకపోతే తెలివితేటలు, ఎత్తు, నడక, మాట అన్నీ కుంటుపడతాయి. ఇందులో కనిపించని మోసం ఒకటుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి హార్మోన్ కొంత బిడ్డకు చేరుతుంది కాబట్టి, ఎక్కువమంది పిల్లల్లో పుట్టిన నాడు ఏ లోపమూ కనిపించదు. పైగా ఆ బిడ్డ ఎక్కువగా నిద్రపోతుంది, పెద్దగా ఏడవదు. బంగారుకొండ, అసలు పేచీయే పెట్టదని అమ్మమ్మ మురిసిపోతుంది. వారాలు గడిచినా తగ్గని పచ్చకామెర్లు, మలబద్ధకం, బొంగురు ఏడుపు, ఉబ్బిన బొడ్డు, బయటికి పొడుచుకొచ్చే నాలుక ఒక్కొక్కటిగా బయటపడేసరికి విలువైన కాలం కరిగిపోతుంది. ఎంత అనుభవమున్న డాక్టరైనా తొలి వారంలో కంటితో చూసి దీన్ని పట్టుకోవడం కష్టం. అందుకే రక్తపరీక్ష. 1970ల తొలినాళ్లలో కెనడాలోని క్యూబెక్‌లో ఝాన్ డుస్సో బృందం కాగితంపై ఎండిన రక్తపు చుక్కతోనే ఈ లోపాన్ని పసిగట్టవచ్చని నిరూపించింది. ఆ తర్వాత సంపన్న దేశాలు ఒక్కొక్కటిగా దీన్ని ప్రతి శిశువుకూ తప్పనిసరి చేశాయి.

మనకెందుకులే అని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఈ లోపం మన దగ్గరే ఎక్కువ. ప్రపంచంలో చాలాచోట్ల రెండు వేల నుంచి నాలుగు వేల మంది శిశువుల్లో ఒకరికి కనిపించే సమస్య ఇది. 2000లో మొదలైన తొలి ప్రయత్నంలో హైదరాబాద్‌లోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులకు పరీక్షలు చేస్తే, 1,700 మందిలో ఒకరికి ఈ లోపం బయటపడింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్ష మందికి పైగా శిశువులను పరీక్షించింది. సుమారు 1,100 మందిలో ఒకరికి ఉన్నట్లు తేలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా పది లక్షలకు పైగా కాన్పులు జరుగుతున్నాయి. పదిహేను వందల మందిలో ఒకరని తగ్గించి లెక్కేసుకున్నా ఏడాదికి ఆరేడు వందల మంది బిడ్డలు. వీరిలో ఎందరు సకాలంలో మందు దాకా చేరుతున్నారో చెప్పగల లెక్క ప్రభుత్వాల దగ్గర ఉండాలి. పరీక్షే అందరికీ చేయనప్పుడు ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

డబ్బు లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. ఈ లోపానికి వాడే లీవోథైరాక్సిన్ మాత్ర ఖర్చు రోజుకు రెండు మూడు రూపాయలకు మించదు. దాన్ని పొడిచేసి కాస్త తల్లిపాలలో కలిపి చెంచాతో పడితే చాలు. అది పట్టనందుకు మూల్యం ఎలా ఉంటుందో సదరం శిబిరాల ముందు చూడవచ్చు. మాట రాని, మెడ నిలపని పిల్లల్ని భుజాన వేసుకుని వైకల్య ధ్రువపత్రం కోసం తల్లులు పొద్దుటి నుంచి వరసలో నిలబడుతున్నారు. దివ్యాంగుల పింఛను కింద తెలంగాణ నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ 6,000 రూపాయలు ఇస్తున్నాయి. ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పిల్లల్లో కొందరికి వైకల్యం రాకుండానే ఆపగలిగి ఉండీ ఆపలేదన్న నిజాన్ని ఏ పింఛనూ కప్పిపుచ్చలేదు. రాబోయే చీకటిని ఆపగల దీపం చేతిలో పెట్టుకుని వెలిగించకపోవడం పేదరికం కింద లెక్కకు రాదు. అది అచ్చమైన నిర్లక్ష్యం.

యంత్రాంగం లేదని కూడా అనలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96 నుంచి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే దాదాపు ప్రతి బిడ్డా ఒక నర్సు చేతుల మీదుగానే లోకంలోకి వస్తోంది. తల్లీబిడ్డలను ఇంటికి చేర్చే వాహనాలున్నాయి. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి రక్త నమూనాలు సేకరించి పరీక్షించే డయాగ్నస్టిక్ హబ్‌లున్నాయి. బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు ఆశా కార్యకర్త వెళ్లాలన్న నియమం ఎప్పటి నుంచో ఉంది. చాలామంది తల్లులు మూడో రోజు దాకా ఆస్పత్రిలో ఉండరన్నది నిజమే. దానికీ ఉపాయముంది. కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తం తీసుకోవచ్చు. దేశంలోని పిల్లల వినాళ గ్రంథుల నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి ఒప్పుకుంటూనే, ప్రతి శిశువుకూ పరీక్ష జరగాలని తేల్చి చెప్పింది. గోవా 2008లోనే ఈ దారి పట్టింది. కేరళ తన ప్రభుత్వ ఆస్పత్రుల్లో అమలు చేస్తోంది. 2013లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మాత్రం పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసిన జాబితాలో పెట్టింది. పసిబిడ్డ మెదడు ఐచ్ఛికాంశం కారాదు.

అదే రక్తపు కాగితం మీద మరో ప్రాణాంతక లోపాన్నీ పట్టవచ్చు. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తయారు చేయలేని పిల్లలు కొందరు పుడతారు. మందు అందకపోతే వీరిలో చాలామంది రెండో మూడో వారంలో ఒంట్లో ఉప్పు పడిపోయి, వాంతులతో వడలిపోయి చనిపోతారు. ఆడపిల్లల్లో జననాంగాల తేడా వల్ల కొంతవరకు అనుమానం వస్తుంది. మగపిల్లల్లో పైకి ఏమీ తెలియదు కాబట్టి, వాంతులనో ఇన్‌ఫెక్షన్ అనో అనుకునేలోపే ప్రాణం పోతుంది. పైన చెప్పిన హైదరాబాద్ పరీక్షల్లో థైరాయిడ్ లోపం తర్వాతి స్థానం దీనిదే. రోజూ ఇచ్చే చవకైన హార్మోన్ మందులతో ఈ పిల్లలూ పూర్తి ఆయుష్షు బతకగలరు.

ఇక మెడ సంగతి. దక్షిణ కొరియా అనుభవం ప్రపంచానికి పాఠం. అక్కడ 1999లో దేశవ్యాప్తంగా క్యాన్సర్ పరీక్షల పథకం మొదలైంది. అందులో థైరాయిడ్ లేకపోయినా, కొద్దిపాటి అదనపు రుసుముకు ఆస్పత్రులు మెడ స్కానింగును జత చేశాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. ఆ ఒక్క ఏడాదిలోనే 40 వేల మందికి పైగా రోగులుగా ముద్రపడ్డారు. ఈ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం ఎప్పట్లాగే ఏటా నాలుగు వందల లోపే. దాదాపు అందరికీ ఆపరేషన్లు చేశారు. వారిలో నూటికి పదకొండు మందికి కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి. ఇద్దరికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయి. 2014లో అక్కడి వైద్యులే కొందరు ఏకమై ఈ అనవసర పరీక్షలను ఎండగట్టాక, ఏడాదిలోనే ఆపరేషన్లు మూడో వంతుకు పైగా తగ్గాయి.

ముందుగా పట్టుకుంటే మంచిదేగా అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ముందుగా కనుక్కోవడం వల్ల రోగి బతుకు మెరుగుపడితేనే ఆ పరీక్షకు విలువ. థైరాయిడ్‌లో పుట్టే చిన్న కణితుల్లో చాలావరకు జీవితాంతం కదలకుండా పడి ఉండేవే. జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆస్పత్రి వైద్యులు సెంటీమీటరు లోపు క్యాన్సర్ కణితులకు 1993 నుంచి వెంటనే కత్తి పెట్టకుండా గమనిస్తూ వచ్చారు. పదేళ్లలో నూటికి ఎనిమిది మందిలోనే కణితి మూడు మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగింది. వారికి అప్పుడు ఆపరేషన్ చేసినా ఆలస్యం కాలేదు. లక్షణాలు లేని పెద్దలకు థైరాయిడ్ క్యాన్సర్ పరీక్షలు చేయవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2017లో స్పష్టంగా చెప్పింది. అయినా మన నగరాల్లో పండగ తగ్గింపులతో మెడ స్కానింగును అంటగట్టే ప్యాకేజీలు ఆగడం లేదు. ఒక చిన్న గడ్డ పేరుతో గ్రంథిని పూర్తిగా తీసేసుకున్న ఇల్లాలు బతికినన్నాళ్లూ పరగడుపున మాత్ర మింగాలి. ఆ తర్వాత ఆమె ఏ చిన్న నలతకైనా క్యాన్సరేమోనని వణుకుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మెడలో చేతికి తగిలే గడ్డ, తగ్గని గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగలడం, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉండటం వంటివి ఉంటే ఒక్కరోజు కూడా తాత్సారం చేయకూడదు. ముఖ్యంగా వంశపారంపర్యంగా వచ్చే మెడ్యులరీ రకం క్యాన్సర్ ఉన్న కుటుంబాల్లో పిల్లలకు జన్యుపరీక్షలు చేయించి తీరాలి. నిజంగా క్యాన్సర్ ఉన్నవారికి అనుభవజ్ఞులైన సర్జన్లు, రేడియో అయోడిన్ చికిత్స జిల్లా కేంద్రాలకు చేరువలో దొరకాలి. అనవసర స్కానింగుల మీద పోస్తున్న డబ్బు, నిపుణుల సమయం ఈ రోగులకు మళ్లాలన్నదే మా వాదన.

వినాళ గ్రంథుల జబ్బులను జయించడానికి ఖరీదైన యంత్రాలే అక్కర్లేదని రుజువు చేసిన వ్యక్తి మనవాడే. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాలయాల ఒడిలోని కాంగ్రా లోయలో ఒక ప్రయోగం చేశారు. లోయను మూడు భాగాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో థైరాయిడ్ గ్రంథి వాచే గాయిటర్ జబ్బు గణనీయంగా తగ్గింది. 1962లో దేశం గాయిటర్ నియంత్రణ పథకాన్ని చేపట్టింది. ఇవాళ మనం పులుసులో వేసుకునే ప్రతి చిటికెడు ఉప్పులోనూ ఆ కృషి ఉంది. గ్రంథే లేకుండా పుట్టిన బిడ్డను ఉప్పు కాపాడలేదు కాబట్టి, ఆ పనిలో మిగిలిపోయిన సగాన్ని మడమ పరీక్ష పూర్తి చేయాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టం. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ప్రసూతి ఆస్పత్రిలో శిశువుకు థైరాయిడ్, అడ్రినల్ పరీక్షలను ఉచితంగా, తప్పనిసరిగా జరిపించాలి. ఫలితం రానిదే జనన నమోదు కార్డు పూర్తయినట్లు లెక్కించకూడదు. తేడా కనిపించిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త రెండు రోజుల్లోపు చేరి, పక్షం రోజులు నిండకుండానే మందు పడేలా చూడాలి. పిల్లలకు తగిన మోతాదులో మాత్రలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా ఉండాలి. లక్షణాలు లేనివారికి మెడ స్కానింగు చేర్చిన ప్యాకేజీల ప్రకటనలను నియంత్రించాలి. ఎంతమంది బిడ్డలను పరీక్షించారో, ఎందరికి మందు మొదలైందో జిల్లాల వారీగా ఏటా ప్రజల ముందు పెట్టాలి.

బాలింతకు ఇచ్చే కిట్టులో సబ్బు, పౌడరు, నూనె, దోమతెర పెట్టి పంపడం మనకు అలవాటే. రక్తపు చుక్కలు ఆరబెట్టే చిన్న కాగితం కూడా ఇకపై ప్రతి కాన్పు గదిలో ఉండాలి. ఆ కాగితం లేని కారణంగా ఈ వారం కూడా ఏదో ఒక ఊళ్లో బిడ్డ అతి నిద్రను చూసి ఒక అమ్మమ్మ మురిసిపోతూ ఉంటుంది. ఆ బిడ్డకు మిగిలినవి రెండే వారాలు.