వైకల్యమున్న పిల్లల సాక్ష్యం: కోర్టు వింటుంది, కానీ అక్కడిదాకా చేరేదెలా?

అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో పెద్ద నేరాల కేసులను ఇప్పటికీ జ్యూరీ తేలుస్తుంది. అంటే లాయర్లు కాదు, జడ్జీలు కాదు, మామూలు జనం. మరి మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లో పిల్లాడో సాక్ష్యం చెబితే వీళ్లు నమ్ముతారా? దీని మీద అక్కడ పరిశోధనలు చాలానే జరిగాయి. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, బాధితురాలికి స్వల్ప మానసిక వైకల్యం ఉందని చెప్పినప్పుడు జనం ఆమెను ఇంకా ఎక్కువ నమ్మారు. అబద్ధం అల్లే తెలివి ఆమెకు ఉండదనుకున్నారు. 2011లో బ్రిటన్‌లో జరిగిన మరో అధ్యయనంలో మాత్రం, అలాంటి పిల్లల వాంగ్మూలాలను కాగితం మీద చదివినవాళ్లు వాటికి అదే వయసు మిగతా పిల్లల కంటే తక్కువ విలువ ఇచ్చారు. వాటిలో వివరాలు తక్కువగా ఉండటం దీనికి ఒక కారణం.

మన దగ్గర జ్యూరీ లేదు. 1959 నాటి నానావతి కేసు తర్వాత దాని మీద నమ్మకం పోయింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేదు. కానీ ఆ రెండో అధ్యయనం చెప్పేది మనకూ వర్తిస్తుంది. పిల్ల మాట కాగితం మీదికి ఎలా ఎక్కిందన్నదే సగం కేసు. ఆ కాగితం పుట్టకముందే తీర్పు చెప్పేసేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. "దానికేం తెలుసు, ఏదో అంటుంది" అనే పెద్దవాళ్లు, "ఇజ్జత్ పోతుంది, కూర్చుని మాట్లాడుకోండి" అనే మొహల్లా పెద్దమనుషులు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. రాజీ కుదిరిందని ఇలాంటి కేసు కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో మళ్లీ చెప్పింది.

ఇక చట్టం సంగతికొస్తే, అది ఈ పిల్లల వైపే ఉంది. భారతీయ సాక్ష్య అధినియం 124వ సెక్షన్ వయసును బట్టి ఎవరినీ సాక్షిగా పక్కన పెట్టదు. అడిగింది అర్థమై, దానికి పొంతన ఉన్న జవాబు చెప్పగలిగితే చాలు. నోటితో చెప్పలేనివాళ్లు రాసి గానీ సైగలతో గానీ చెప్పొచ్చని 125వ సెక్షన్ అంటుంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా మాట్లాడింది. పుట్టుకతోనే చూపులేని యువతి నిందితుణ్ని గొంతును బట్టి గుర్తుపట్టింది. కళ్లతో చూడలేదు కాబట్టి ఆ సాక్ష్యం బలహీనం అనడానికి వీల్లేదని కోర్టు చెప్పి, యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది.

మరి కేసులు ఎక్కడ జారిపోతున్నాయి? రాజస్థాన్ హత్య కేసు ఒకటి చూడాలి. హతుడి భార్యకు వినపడదు, మాట రాదు. కళ్లారా చూసిన సాక్షి ఆమే. ఆమె సైగలను కోర్టుకు వివరించింది ఆమె తండ్రి. ఆయన చేత ప్రమాణం చేయించలేదు, ఆమె ఏ సైగ చేసిందో రికార్డు చేయలేదు, పైగా ఆయన సొంత మనిషి. 2012లో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టింది, నిందితుడు బయటపడ్డాడు. ఆమె మాటలో తప్పు పట్టలేదు. ఆ మాటను మోసుకొచ్చిన తీరు నిలబడలేదు.

మన కుటుంబాలు ఆగి చూడాల్సింది ఇక్కడే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, స్టేషన్‌లో రాసేది తెలుగు. వినపడని పిల్ల అయితే అమ్మీకి, అన్నకు మాత్రమే అర్థమయ్యే ఇంటి సైగలు. ఇంటి సైగ ఉర్దూ అయి, ఉర్దూ తెలుగయ్యేసరికి పిల్ల చెప్పింది ఎంత మిగులుతుంది? ఆ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయర్ పట్టుకునేది సరిగ్గా ఈ తేడాలనే.

పిల్ల భాష తెలిసిన మనిషి సాయం తీసుకోవచ్చని పోక్సో 26, 38 సెక్షన్లు చెబుతున్నాయి. ఆ మనిషి తల్లి కూడా కావచ్చు. అయితే తల్లి ఒక్కతే దుబాసీ అయితే "తల్లే నేర్పించింది" అనే మాట తప్పకుండా వస్తుంది. అందుకే తల్లి పక్కన ఉండాలి, పిల్లకు ధైర్యం కోసం. మాట విప్పి చెప్పే పని మాత్రం కుటుంబంతో సంబంధం లేని స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ సైగ భాష నిపుణులు గానీ చేస్తే మేలు. పిల్ల ఇంటి సైగలు వాళ్లకు వెంటనే అర్థం కావు, రెండు మూడుసార్లు కలవాల్సి వస్తుంది. ఆ ఆలస్యం నష్టం కాదు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం ఇలాంటివాళ్ల జాబితా జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర ఉండాలి, వాళ్ల ఫీజు ప్రభుత్వమే కట్టాలి. ఉర్దూ దుబాసీ కావాలన్నా అడగాల్సింది అక్కడే. చాలామంది తల్లిదండ్రులకు ఈ ఆఫీసు ఒకటుందనే తెలియదు.

అన్నిటికంటే పెద్ద రక్షణ వీడియో. వైకల్యమున్న మనిషి వాంగ్మూలం మేజిస్ట్రేట్ తీసుకునేటప్పుడు దుబాసీ గానీ స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ ఉండాలి. దాన్ని వీడియో తీయాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ ప్రకారం ఆ వాంగ్మూలాన్నే విచారణలో మొదటి సాక్ష్యంగా తీసుకుంటారు. పిల్ల మళ్లీ మొదటినుంచి చెప్పుకురావాల్సిన పని లేదు, క్రాస్ ఎగ్జామినేషన్‌కు వస్తే చాలు. సైగ ఏది, దానికి చెప్పిన అర్థం ఏది అనేది జడ్జి కళ్లతోనే చూడొచ్చు. రాజస్థాన్ కేసులో లేనిది ఇదే. వీడియో తీయడం లేదని గమనిస్తే ఆ పూటే రాతపూర్వకంగా అడగాలి, తర్వాత అడిగి లాభం లేదు.

వయసు విషయంలో ఒక చిక్కుంది. ఢిల్లీలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 38 ఏళ్ల మహిళకు మానసిక వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్లే కాబట్టి పోక్సో వర్తింపజేయాలని తల్లి కోర్టుకెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు కుదరదంది. చట్టం చూసేది పుట్టిన తేదీనే. పద్దెనిమిది నిండితే పోక్సో రక్షణలు పోతాయి. అయినా పోలీసులు ఇంటికే వచ్చి, దుబాసీ ఎదుట, వీడియో తీస్తూ ఫిర్యాదు రాసుకోవాలనే 173వ సెక్షన్‌కు, పైన చెప్పిన 183వ సెక్షన్‌కు వయసుతో పనిలేదు. లైంగిక నేరాల్లో వైకల్యమున్న ఆడవాళ్లు ఏ వయసులోనైనా అడగొచ్చు.