దినకూలికి ఎన్ని సేర్లు?



ప్రతి నెల రెండవ వారములో ప్రభుత్వము వారు ధరల పెరుగుదలను గూర్చి ఒక అంకె ప్రకటించుచుందురు. పత్రికలో అది చదివి మనవారు చాలమంది నవ్వుదురు. "నాలుగు శాతమేనంట! ఒక్కసారి మన సంతకొచ్చి చూడమనండి" అందురు. సంఘ కుటుంబములను దర్శించునప్పుడు ఈ మాట మేము తరచుగా వినుచున్నాము. ఆ అంకె అబద్ధమా? మన తల్లుల చేతిసంచి అబద్ధమా? రెండును అబద్ధములు కావు. అయితే రెండు వేర్వేరు సంగతులు చెప్పుచున్నవి.

ప్రభుత్వపు అంకె ఒక సగటు. బియ్యము, పప్పు, నూనెలతో పాటు బట్టలు, చెప్పులు, ఇంటి అద్దె, మందులు, బస్సు చార్జీ, ఫోను ఖర్చు అన్నీ ఒకే తక్కెడలో వేసి తూచుదురు. 2012 ఆధార సంవత్సరముగా వేసిన లెక్కలో, నూరు రూపాయల ఖర్చులో ఆహారమునకు పల్లెలలో సుమారు 54, పట్టణములలో 36, దేశమంతటికి కలిపి 46 రూపాయలుగా ఎంచిరి. ఆ లెక్క ప్రకారము 2023 జూలైలో మొత్తము ధరలు ఏడాదిలో 7.44 శాతము పెరిగినవి. ఆహార ధరలు మాత్రము 11.51 శాతము పెరిగినవి. టమాటా అయితే ఏడాది క్రితపు ధరకు మూడు రెట్లయినది.

ఇప్పుడు రెండు ఇండ్లను తలంచుడి. ఒక ఉద్యోగి ఇంట నూటికి 40 రూపాయలు తిండికి పోవును. ఒక కూలి ఇంట 75 రూపాయలు పోవును. తిండి ధరలు 12 శాతము, మిగిలినవి 4 శాతము పెరిగినవనుకొందము. ఉద్యోగి ఇంటి ఖర్చు నూటికి 7 రూపాయల 20 పైసలు పెరుగును. కూలి ఇంటి ఖర్చు 10 రూపాయలు పెరుగును. సంత ఒకటే, ధర ఒకటే, భారము మాత్రము ఒకటి కాదు. ఎవరు ఎక్కువ పేదవారో వారికే ఎక్కువ బరువు. సగటులో ఈ సంగతి కనబడదు.

మరియొక సంగతి. శాతము తగ్గినదనగా ధర తగ్గినదని కాదు. పెరుగు వేగము తగ్గినదని మాత్రమే. ధర నిజముగా దిగినప్పుడైనను చూడుడి. 2024 అక్టోబరులో కూరగాయలు ముందటి ఏడాది కంటె 42 శాతము పెరిగినవి. 2025 అక్టోబరులో 27 శాతమునకు పైగా తగ్గినవి. ఆ నెల మొత్తము ధరల పెరుగుదల 0.25 శాతమే. 100 రూపాయల కూర 142 అయి, మరల దిగివచ్చి 103 దగ్గర ఆగినదన్నమాట. కూర ధర దిగివచ్చినది గాని, ఆ కష్టపు నెలలలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు దిగిరాలేదు. ధర పడిపోవుటయే దీవెన అనుటకును వీలులేదు. టమాటా కోతకూలి కూడ రాక రోడ్డు ప్రక్కన పారబోసిన రైతులు మన సంఘములలోనే ఉన్నారు.

పరిశుద్ధ గ్రంథము ధరలను ఎట్లు కొలుచుచున్నదో గమనించుడి. మత్తయి సువార్త 20వ అధ్యాయములో ద్రాక్షతోట పనివాని దినకూలి ఒక దేనారము. ప్రకటన గ్రంథము 6వ అధ్యాయములో నల్లని గుఱ్ఱముపై త్రాసు పట్టుకొని ఒకడు బయలుదేరినప్పుడు, ఆ ఒక దేనారమునకు దొరకునది ఒక సేరు గోధుమలే. అది ఒక మనుష్యుని కడుపుకు సరిపోవును. భార్యబిడ్డల సంగతి ఏమి? అక్కడ శాతములు లేవు. దినమంతయు కష్టపడినవాడు సాయంకాలమున ఎన్ని సేర్లు ఇంటికి తీసికొని పోవుచున్నాడు అనునదే దేవుని వాక్యపు కొలత.

నెహెమ్యా 5వ అధ్యాయములో జనులు ధాన్యము కొరకు పొలములను కుదువపెట్టి, తుదకు బిడ్డలను దాస్యమునకు అప్పగించు స్థితికి వచ్చిరి. నెహెమ్యా వారితో ఓర్చుకొనుడని ప్రసంగము చేసి ఊరకుండలేదు. అప్పిచ్చిన సహోదరులనే సమాజములో నిలువబెట్టి, పొలములను, వడ్డీని తిరిగి ఇప్పించెను.

కాబట్టి ప్రియులారా, ప్రభుత్వపు లెక్క ప్రభుత్వము చేయును. సంఘపు లెక్క మనము చేయవలెను. మీ పొలములో నాట్లకు, కలుపుకు వచ్చువారికి నిరుటి కూలియే ఇచ్చుచున్నారా? నిరుడు ఆ కూలికి ఎన్ని కిలోల బియ్యము, ఎంత పప్పు, ఎంత నూనె వచ్చెనో, నేడు ఎంత వచ్చుచున్నదో లెక్కవేసి కూలి నిర్ణయించుడి. ఆ సాయంకాలమే చేతిలో పెట్టుడి. దుకాణము నడుపు సహోదరులు తూకములో దేవునికి భయపడుడి. స్త్రీల సమాజమువారు కూడబెట్టు పిడికెడు బియ్యములో కొంత భాగము మందిరపు ఖర్చుకు ముందు ఖాళీ కుండగల ఇంటికి చేరవలెను. కలిగినవారు కష్టకాలములో వడ్డీ లేని చేబదులు ఇచ్చుటకు వెనుదీయవద్దు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము ఆహారమును "నాకు" అని అడుగుట లేదు, "మాకు" అని అడుగుచున్నాము. ఆ మాటలో మన ప్రక్క ఇంటివాడు కూడ ఉన్నాడు. ఈ నెల ఆ ప్రార్థన చేయునప్పుడు అతని కుండను కూడ తలంచుకొందము. ప్రభువు మీ గృహములను, మీ పొలములను, మీ పిండి తొట్టెలను దీవించును గాక. ఆమేన్.