అలుగుకు అడ్డం పెట్టిన వినోదం

అమెరికాలో పెన్సిల్వేనియా కొండల్లోని సౌత్ ఫోర్క్ జలాశయం ఒక సంపన్నుల క్లబ్బుది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ అందులో సభ్యులు. పడవ షికారుకు, చేపల వేటకు ఆ నీళ్లు. 72 అడుగుల మట్టికట్ట మీద గుర్రబ్బండ్లు సాఫీగా తిరగాలని దాని ఎత్తు తగ్గించారు. పెంచిన చేపలు జారిపోకుండా అలుగుకు అడ్డంగా ఇనుప జల్లెడలు బిగించారు. అడుగున ఉన్న తూము గొట్టాలను అంతకుముందు యజమానే పీకి అమ్ముకున్నాడు. క్లబ్బు మళ్లీ వేయించలేదు. నీటిని ముందుగా దించుకునే దారే లేకుండా పోయింది. 1889 మే 31న కుండపోతకు కొట్టుకొచ్చిన చెత్త జల్లెడలకు పట్టేసింది. నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. 14 మైళ్ల దిగువన ఉన్న జాన్స్‌టౌన్‌తో పాటు దారిలోని ఊళ్లలో 2,209 మంది చనిపోయారు. కోర్టుకెక్కినవారికి క్లబ్బు నుంచి పైసా రాలేదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

పాతకాలం ముచ్చట అని తోసేయలేం. 2006 మార్చిలో హవాయిలోని కవాయి దీవిలో, ప్రైవేటు భూమిలోని కా లోకో జలాశయం కట్ట తెగి ఏడుగురు బలయ్యారు. అక్కడా అలుగును పూడ్చేశారు.

మన 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటిని, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవాటిని చూస్తుంది. రిసార్టులోనో ఫామ్‌హౌస్‌లోనో వాగుకు అడ్డంగా వేసిన చిన్న కట్ట ఆ లెక్కలోకి రాదు. తనిఖీకి కట్ట ఎత్తు ఒక్కటే కాదు, దాని కింద ఎన్ని ఇళ్లున్నాయో కూడా కొలమానం కావాలి. ఏటా వానలకు ముందు అలుగు శుభ్రం చేయించి, తూము తెరిచి చూపించే బాధ్యత యజమానిదే. ఖర్చూ అతనిదే.